తొమ్మిది తిప్పకండి

అంతోని శవం కొండపల్లి స్టేషన్ యార్డులో దొరికింది. వీపులో ఒకే ఒక్క బుల్లెట్.

ఆ కబురు విని ఏజెంట్ ఆమోసు పళ్ళు బిగించాడు. తోటి ఏజెంట్ అంతోనీ, తనూ ఒకే మిషన్ హాస్టల్లో, ఒకే కంచంలో తిని పెరిగారు.

"మజ్జిగ దాకా తిన్నావా?" అన్నారు చీఫ్ పూర్ణచంద్రరావు గారు. అడిగి ఆగారు. ఎంత కొంపలంటుకునే పనైనా సరే, ఎదుటివాడు జవాబు చెప్పందే ఆయన అసలు సంగతి ఎత్తరు. తల్లీ తండ్రీ లేని ఆమోసును ఈ భూమ్మీద ఆ మాట అడిగేది ఆయనొక్కరే. ఆ మాట కోసం ప్రాణం ఇమ్మన్నా ఇచ్చేస్తాడు, పిచ్చిమొహం!

"తిన్నాను సార్."

"విను. ఇవాళ మిలిటరీ స్పెషల్ ఒకటి కృష్ణా బ్రిడ్జి దాటుతోంది. నిండా జవాన్లు. దాన్ని బ్రిడ్జితో సహా పేల్చెయ్యడానికి విదేశీ ముఠా దిగింది. బెంజ్ సర్కిల్ దగ్గర లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో ఇందిరాదేవి అని ఒకావిడ టెలిఫోన్ మెషీన్ పెట్టింది. ట్రైన్ టైమింగ్ చేరవేస్తున్నది ఆవిడే. కనిపించగానే కాల్చెయ్. నోరెత్తనివ్వకు."

ఆ మెషీన్ సంగతి అప్పటికే బెజవాడంతా పాకింది. డెబ్భై ఆరులో అదొక వింత. ఫోన్ చేస్తే మనిషి ఎత్తడు, టేపు మీద ఆడగొంతు పలుకుతుంది. "లారీ బుకింగ్‌కి ఒకటి తిప్పండి. సరుకు చేరిందో లేదో తెలియాలంటే రెండు తిప్పండి. కంప్లయింట్లకి మూడు తిప్పండి." మనవాళ్ళు ఊరుకుంటారా? డయల్ తిప్పడం మానేసి "ఏవమ్మా, మీదే ఊరు?" అని టేపుతో కబుర్లకి దిగేవారు.

ఖాకీ బట్టలు, అతికించిన మీసం, టూల్ బాక్సులో సైలెన్సర్ పిస్టల్. టెలిఫోన్ మెకానిక్ వేషంలో ఆమోసు మెషీన్ రూములోకి చొరబడ్డాడు. జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలు, సన్నటి సెంటు వాసన. ఇందిరాదేవి పిస్టల్ చూసి బెదరలేదు సరికదా, రిసీవర్ అందించింది.

"కాలుద్దురుగాని. ముందు తొమ్మిది తిప్పండి."

"టేపు చెప్పేదాంట్లో తొమ్మిది లేదే!"

"అందుకే తిప్పమంటున్నాను. ముఠావాళ్ళు నా చేత రహస్యంగా పెట్టించారండీ. ఎవడో ఫోన్ చేసి అందులో మాట్లాడి పెడతాడు. వాళ్ళు తర్వాత ఫోన్ చేసి వింటారు. నేను వాళ్ళ జీతం తింటున్నా ఢిల్లీ మనిషిని. మాట్లాడేవాడెవడో నాకింకా చిక్కలేదు."

నమ్మలేదు. అయినా తిప్పాడు. గుడ్డ అడ్డం పెట్టుకున్న గొంతు.

"మజ్జిగ దాకా తిన్నారా?"

ఆ తర్వాత నిశ్శబ్దం. టేపు మీద జవాబు చెప్పేవాడెవడూ లేకపోయినా ఆ గొంతు మర్యాదగా ఆగింది! తర్వాత అంది: "స్పెషల్ వచ్చేది సాయంత్రం ఐదింటికి. కాదు, టైము మారింది. మధ్యాహ్నం పన్నెండింటికే."

ఆ గొంతు ఎవరిదో ఆమోసుకి తెలిసిపోయింది. అంతోని కొండపల్లిలో ఉన్నట్టు తెలిసింది ఎవరికి? చీఫ్ గారొక్కరికే. ఇందాక తన ఆకలి అడిగిన నోటితోనే అంతోనిని చంపించాడు. ఈవిణ్ణి నోరెత్తనివ్వొద్దన్నదీ ఆ గుట్టు దాచడానికే. ఇన్నేళ్ళూ ఆయన్ని నాన్నా అని పిలవాలనిపించి సిగ్గుపడి మానుకున్నాడు. ఏడుపు తన్నుకొచ్చింది.

"తర్వాత ఏడుద్దురుగాని," అంది ఇందిరాదేవి. "పదకొండైంది. వాళ్ళు ఫోన్ చేసే వేళ."

ఆమోసు కళ్ళు తుడుచుకుని రీలు ఊడదీశాడు. "కాదు" దగ్గర కత్తెర పడింది. పన్నెండు గంటల ముక్క కిందపడింది. ఖాళీ టేపు అతికిస్తుండగానే ఎర్రలైటు వెలిగింది. బయట ఎవడో తొమ్మిది తిప్పాడు, రిలే టకటకమంది. రీలు గూట్లో పడడం, తిరగడం ఒకేసారి జరిగాయి.

"...సాయంత్రం ఐదింటికి."

అవతల క్లిక్‌మంది.

ఇందిరాదేవి ఢిల్లీకి ట్రంక్ కాల్ కలిపింది. పై నుంచి ఆర్డరు రాగానే రేవులన్నిటికీ పోలీసులు బయల్దేరారు. పన్నెండింటికి స్పెషల్ బ్రిడ్జి దాటిపోయింది. ఇంకా బోలెడు టైముందని బాంబుని తీరిగ్గా పడవకెక్కిస్తున్న ముఠా భవానీపురం రేవులో దొరికిపోయింది.

చీఫ్ ఇంటికి ఆమోసు ఒక్కడే వెళ్ళాడు. ఆయన భోజనం దగ్గరున్నారు.

"పనైందా? మజ్జిగ దాకా తిన్నావా?" అని ఆగారు.

ఆమోసు కత్తిరించిన టేపు ముక్క ఆయన కంచం పక్కన పెట్టాడు. దాని మీద బేడీలు పెట్టాడు. ఆయన చేతిలో ముద్ద జారింది.

"అంతోని కూడా మీకు జవాబు చెప్పే ఉంటాడు సార్," అన్నాడు.

చీఫ్ లేవబోయారు. ఆమోసు భుజం పట్టి కూర్చోబెట్టి, మజ్జిగ గిన్నె ఆయన ముందుకి జరిపాడు.

"కానివ్వండి సార్. జైల్లో ఎవరూ అడగరు."