ఎర్రకారుకు ఏ ఇంజను?

"బోరులో ఎన్ని ఇంచుల నీళ్ళు ఉండాయి?"

"ఇంచిన్నర. నాకు మాత్రం ఏడున్నర హెచ్పీ మోటారే కావాల."

"ఇంచిన్నరకు ఐదు చాలప్పా. ఏడున్నర దించితే పది నిమిషాలు జోరుగా పోసి, ఆ మీద గాలి కక్కుతాది."

"కొనేవాణ్ణి నేను. పెద్దది ఇయ్యమంటే ఇయ్యాల గదా?"

"ఇయ్యను. ఇంగో అంగడి చూసుకోండి."

అనంతపురం పాతూరులో, గురుమూర్తి మోటార్ల అంగట్లో, ఆయన కూతురు ప్రసూనా బెళుగుప్ప నుంచి వచ్చిన భరత్‌కుమారూ మొదటిసారి మాట్లాడుకున్న మాటలు ఇవి. అతను విసవిసా మెట్లు దిగిపోయాడు. మరునాడు పొద్దున్నే వచ్చి, తల వంచుకుని ఐదు హెచ్పీ మోటారే తీసుకుపోయాడు.

ఆ తర్వాత దానికి వైరు కావాలని ఒకసారి, క్లాంపు కావాలని ఒకసారి, ఏం కావాలో చెప్పకుండానే నాలుగుసార్లు వచ్చాడు. ఏడోసారి వాళ్ళ నాయన బయ్యన్న వచ్చాడు, సంబంధం అడగడానికి.

అప్పుడు మొదలైంది ప్రసూనకు అనుమానం.

ఇంటర్ సగంలో ఆపించి పెళ్ళి చేశారు ఆమెకు. మూడేళ్ళ కిందట భర్త కామెర్లతో పోయాడు. ఏడాది బిడ్డ ఆశ్రితను చంకన వేసుకుని పుట్టింటి అంగట్లో కూర్చుంది. ఇప్పుడు ఆశ్రితకు నాలుగేళ్ళు. అప్పటినుంచి ఏ మంచిమాట విన్నా దాని వెనక ఇంకేముందోనని వెతకడమే. పాలాయన నవ్వితే పాలలో వేలు ముంచి చూసేది. నలభై ఎకరాలు, నాలుగు లారీలు, పెళ్ళి కాని మగవాడు. బిడ్డతల్లిని కోరి ఎందుకు అడుగుతాడు?

"శుక్రవారం లోపల ఏదో ఒకటి చెప్పు తల్లీ," అన్నాడు గురుమూర్తి.

సోమవారం భరత్ తళతళలాడే కాగితం ఒకటి తెచ్చి బల్లమీద పరిచాడు. ఎర్రటి స్పోర్ట్స్ కారు. నేలకు కడుపు ఆనించి పడుకున్నట్టుంది.

"దీంట్లో రెండు ఇంజన్లు ఉండాయి. చిన్నది నూట నలభై హెచ్పీ, పెద్దది రెండొందల నలభై. ఏది కొనమంటారు?"

ప్రసూన మనసులో లెక్క వేసింది. "రెండొందల నలభై అంటే నలభై ఎనిమిది బోర్లు నడుస్తాయి. ఇంతా చేసి ఎంతమంది కూర్చుంటారు?"

"బొమ్మలో అయితే... ఇద్దరే ఉండారు."

పక్కనున్న బయ్యన్న మీసం దువ్వాడు. "మనకు చిన్నది ఏమిటికిరా? పెద్దదే కొను. హైవేలో పోతాంటే పక్కూరి సర్పంచి మెడ పట్టేసేటట్టు తిరిగి చూడాల!"

ప్రసూనకు ఆ మాటలు వినబడలేదు. ఇద్దరే. అతనొకడు, తనొకతె. మరి ఆశ్రిత?

అడగలేదు. అడిగితే తియ్యటి అబద్ధం చెబుతాడేమోనని.

మంగళవారం గోడౌన్లోకి పోయేసరికి, ఆశ్రిత మోటారు పెట్టెకు వీపు ఆనించి బిగుసుకుని నిలబడి ఉంది. భరత్ మోకాళ్ళమీద కూర్చుని ఇనుప టేపుతో బిడ్డను కొలుస్తున్నాడు.

"ఏం చేస్తాండారు?"

టేపు సర్రుమని లోపలికి దూరింది. "ఏం లేదు... పాప ఎంత పొడుగు పెరిగిందో చూస్తాండా."

"మొన్నటికీ ఈ పొద్దుకూ ఎంత పెరుగుతాదేమి?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. అరచేతిలో ఏదో రాసుకుని, ఆ చెయ్యి జేబులో దాచుకుని వెళ్ళిపోయాడు.

"మామ నన్ను కూర్చోబెట్టి గూడా కొలిచినాడు మా," అంది ఆశ్రిత గొప్పగా.

పక్క అంగడి భద్రమ్మ ఊరుకుంటుందా? "యూనిఫారానికే అయ్యుంటాది. మా చెల్లెలి కొడుకును అట్లే కొలిచి హాస్టలు బడిలో ఏసినారు. ఏడాదికి రెండుసార్లు చూపిస్తారంట."

ఆ రాత్రి ప్రసూన ఆశ్రితను పక్కలోంచి కదలనియ్యలేదు.

బుధవారం మెట్లమీద నిలబడి భరత్ సెల్లులో మాట్లాడుతున్నాడు. ప్రసూన తలుపు వెనక ఆగింది.

"సుష్మితగారూ, అదంతా సరే. పాపకు చోటు ఉంటాదా లేదా, అది చెప్పండి. నాలుగేండ్లు... వాళ్ళమ్మకు మాత్రం ఇప్పుడే తెలియకూడదు."

ఇంకేం కావాలి?

"వద్దు నాయనా," అంది ఆ సాయంత్రం. చూసినదీ విన్నదీ అంతా చెప్పింది.

గురుమూర్తి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "కొత్త మోటారు దించినప్పుడు మనం ఏం చేస్తాం?"

"గంట నడిపి చూస్తాం."

"ముందే ఏమిటికి బిగించం?"

"మొదట ఐదు నిమిషాలు ఏ మోటారైనా బాగానే పోస్తాది. గంటకూ నీళ్ళు తగ్గకుంటేనే బోల్టులు బిగిస్తాం. తగ్గితే పైకి లాగేస్తాం."

"ఇనుముకు గంట ఇస్తావు, మనిషికి ఇయ్యవా? నడిపి చూడు. ఆ మీద లాగేస్తావో ఏం చేస్తావో నీ ఇష్టం."

శుక్రవారం బెంగళూరు షోరూమువాళ్ళు రెండు కార్లూ తెచ్చి బత్తలపల్లె రోడ్డు పక్కన నిలిపారు. రెండూ ఎర్రవే. నల్లకోటు వేసుకున్న అమ్మాయి ఒకతె కాగితాలు పట్టుకుని నిలబడింది. గురుమూర్తి కల్వర్టు మీద కూర్చున్నాడు. బయ్యన్న పెద్ద ఇంజను కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు.

ప్రసూన బిడ్డను చంకనెత్తుకుని నేరుగా భరత్ ముందుకు పోయింది. "ఒక్కమాట చెప్పండి. దీంట్లో నా బిడ్డ యాడ కూర్చుంటాది?"

భరత్ నోరు తెరిచేలోపలే నల్లకోటమ్మాయి నవ్వింది. "ఓ, ఈ పాపేనా సార్, మూడడుగుల నాలుగంగుళాలు? మేడమ్, నేను సుష్మిత. సార్ వారంలో పదిసార్లు ఫోన్ చేసినారు. పెద్ద ఇంజనుకు పెట్రోలు ట్యాంకు పెద్దది, అది సీట్ల వెనకాలే వస్తుంది. అందుకని దాంట్లో ఇద్దరే. చిన్న ఇంజనుదాంట్లో అయితే వెనక చిన్న సీటు పెట్టవచ్చు. పాప తల పైన తగులుతుందా, కాళ్ళు పడతాయా అని ప్రాణం తీసినారు!"

భరత్ చిన్నకారు ముందుసీటు మడిచాడు. వెనక, పిల్లలకు తప్ప ఇంకెవరికీ పట్టని బుల్లి సీటు. ఆశ్రిత తల్లి చంకలోంచి జారి, పిల్లి దూరినట్టు దూరి కూర్చుంది.

"దీనికోసరమా చిన్నది అంటాండావు?" అన్నాడు బయ్యన్న, పెద్దకారును దిగులుగా చూస్తూ.

ప్రసూన ఆ సీటును చేత్తో తడిమి చూసింది. కానీ అనుమానం అంత తేలిగ్గా వదిలే జాతి కాదు. ఐదు నిమిషాలు ఎవరైనా మంచివాళ్ళే.

"గంట నడపండి," అంది, ముందు కూర్చుంటూ.

నడిపాడు. రోడ్డుకు అడ్డంగా గొర్రెల మంద వచ్చింది. హారన్ కొడతాడని చూసింది. ఇంజను ఆపి, "పోనీలే, వాటికీ పని ఉంటాది గదా," అన్నాడు. వెనకనుంచి ఆశ్రిత ఇరవై ప్రశ్నలు అడిగింది. విసుక్కుంటాడని చూసింది. ఇరవైకీ జవాబు చెప్పి, ఇరవై ఒకటోది తనే అడిగాడు. ఆశ్రిత తింటున్న చెనక్కాయల బెల్లం ఉండ కరిగి కొత్త సీటుకు అంటుకుంది. ఇప్పుడైనా కోప్పడతాడని చూసింది. "సుష్మితగారికి నేను చెప్పుకుంటాలే," అని నవ్వాడు.

ఎక్కడినుంచో తప్పిపోయి వచ్చిన మబ్బొకటి అద్దంమీద పది చినుకులు చిలకరించి, తప్పు చేసినట్టు పారిపోయింది.

"నాకు తెలియకూడదని ఎందుకన్నారు?"

"సీటు చూసి మీరు ఊ అంటే, అది నాకు చెప్పినట్టా, సీటుకు చెప్పినట్టా? ముందు మీరు ఊ అంటే ఆ మీద చూపిద్దామనుకున్నా."

ప్రసూన కిటికీలోంచి బయటికి చూసింది. కొంతదూరం పోయాక, "నువ్వు పెండ్లి కానోడివి. నన్నే ఎందుకు అడిగినావు?" అంది. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిందని ఆమె గమనించలేదు. అతను గమనించాడు. బండి కొంచెం వంకర పోయింది.

"మా ఇంటికి వచ్చేవాళ్ళంతా పనికోసరం వస్తారు. నేను ఏమన్నా సరే అంటారు. ఇయ్యను, ఇంగో అంగడి చూసుకో అన్నది నువ్వొక్కదానివే. ఆ ఐదు హెచ్పీ మోటారు ఇప్పటికీ పోస్తాండాది, తెలుసునా?"

తిరిగొచ్చేసరికి గురుమూర్తి చేతిగడియారం చూసుకుంటూ లేచి నిలబడ్డాడు. "ఏమ్మా?"

"గంటా పది నిమిషాలు నాయనా." వెనక్కి తిరిగి చూసింది. బుల్లి సీటులో ఆశ్రిత నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ప్రసూన పైటతో బిడ్డ మూతి తుడిచి, తల ఎత్తకుండానే అంది. "నీళ్ళు తగ్గలేదు. బోల్టులు బిగించేయండి."

బయ్యన్న కంగారుగా కారు కిందికి వంగాడు. "ఏం బోల్టులమ్మా? అప్పుడే ఏమన్నా ఊడిపోయిందా?"

"బండివి కాదులే నాయనా," అన్నాడు భరత్. అతని చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, కారు కంటే ఎర్రగా.