గొంతు పోయిన టాకీ బొమ్మ

అరబ్బు దేశంలో, బతా బజారులో ఆ క్యాసెట్ల కొట్టు వెనకగది అంటేనే రోత. యుద్ధమొచ్చాక మిస్సైళ్ల విషవాయువు భయానికి కిటికీకి ప్లాస్టిక్కు కప్పి టేపులు అంటించారు. ఇక గాలి ఎక్కడిది? చెమట కంపు, మురుగు కంపు. కడప మస్తాన్ వలీ అక్కడే కూర్చుని వీడియోలు బాగుచేస్తాడు.

ఆ శుక్రవారం మధ్యాహ్నం, టాకీలు కొత్తగా వచ్చిన కాలంనాటి పాటల సినిమా క్యాసెట్టు ఒకటి రిపేరుకొచ్చింది. అది ముగించి, ఊళ్లో నిండు చూలాలైన భార్య హుస్సేన్‌బీకి మాటల క్యాసెట్టు నింపాలి. బాంబుల వార్తలు విని ఆమె అన్నం ముట్టడం లేదట. సాయంత్రం విమానమెక్కే స్నేహితుడు ఖలందర్ చేతికివ్వాలి.

వీడియో పెట్టాడు. తెరమీద నాయిక నోరారా పాడుతోంది. శబ్దం లేదు. డెక్కు విప్పితే లోపల బెల్లం పాకంలా నల్లటి జిగురు, చచ్చిన ఎలుక కంపు. ఛీ! అయినా చేతి అలవాటు ఊరుకుంటుందా? స్పిరిట్టు లేనప్పుడల్లా చేసినట్టే వేలు నాలుకకు తడుపుకుని, టేపును చదివే హెడ్డు తుడిచాడు. మళ్లీ నాకాడు. అప్పుడు తెలిసింది రుచి. కుళ్లిన మాంసం... అందులో పొడుగాటి వెంట్రుక.

భళ్లున కక్కుకున్నాడు. నోరు కడుక్కొచ్చి, భార్యకు మాటలు నింపుదామని టేపురికార్డరు నొక్కాడు. తన పెదాలు కదిలాయి. గొంతు రాలేదు.

తెరమీద నాయిక నవ్వింది.

"హుస్సేన్‌బీ, నేను బాగుండాను. వస్తాండా..."

అది మస్తాన్ గొంతే! టేపురికార్డరులోకి ఎక్కుతోంది.

ఖలందర్ దూసుకొచ్చి టేపురికార్డరులోని క్యాసెట్టు లాక్కున్నాడు. "టైమైపోతాందబ్బా!" మస్తాన్ వాడి చొక్కా పట్టుకుని వేలాడాడు. "ఏడవొద్దులేబ్బా, చేరుస్తాలే" అని విడిపించుకుని పోయాడు పిచ్చోడు.

వారం తిరిగాక కొట్టు యజమాని దిలావర్ ఊళ్లో పక్కింటికి ఫోన్ చేసి, హుస్సేన్‌బీని పిలిపించి, ఆమె మాటలైనా వినమని మూగవాడైన మస్తాన్ చేతికి రిసీవరు ఇచ్చాడు.

"దిలావర్ భాయ్, మా ఆయన వచ్చేసినాడే!" ఆమె గొంతు గుసగుసగా ఉంది. "క్యాసెట్టు విన్న పొద్దే... నేను తినలేదని తనే నమిలి నా నోట్లో పెడతాడు. నల్లగా, జిగురుగా... ఇప్పుడు అదే ఇంపుగా ఉంది భాయ్."

మస్తాన్ రిసీవరును నోటికి ఆనించుకున్నాడు. అరవబోయాడు. ఉత్త గాలి...

ఆమె వెనక పాట మొదలైంది. మస్తాన్ గొంతే. దానికి వంత పాడుతూ ఇంకో గొంతు... పసిగొంతు.

బిడ్డ ఇంకా పుట్టనే లేదు.