పసుపు వానకోటు

ఆదివారం పొద్దున నొయేమి ఎప్పటిలాగే నీళ్ళు మరగకముందే దించి ఫ్లాస్కులో పోసింది. టీ లాంటి మాతే ఆకు నింపిన సొరకాయ బుర్రలో ఆ నీళ్ళు పోసి, మొదటి విడత తను తాగి, రెండో విడత పోసి భర్త ఎలాదియోకి అందించింది. అతను గొట్టంతో చివరి చుక్క దాకా పీల్చి, బుర్ర తిరిగిస్తూ, "థాంక్స్" అన్నాడు.

నొయేమి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మాతే బుర్ర తిరిగిస్తూ ఆ మాట అన్నారంటే ఇక నాకు పొయ్యొద్దని అర్థం. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎలాదియో ఫ్లాస్కు ఖాళీ కాకుండా ఆ మాట అన్న పాపాన పోలేదు. జ్వరమొచ్చినా, ఇద్దరూ పోట్లాడుకుని మాటలు మానేసినా, బుర్ర మాత్రం ఇద్దరి మధ్యా తిరుగుతూనే ఉండేది.

"ఒంట్లో బాలేదా?"

"బానే ఉంది."

"మరి అప్పుడే చాలా?"

"చాలు నొయేమి."

అతను పేపరు తెరిచాడు. ఒక్క అక్షరం చదవడం లేదని చూస్తేనే తెలుస్తోంది. బల్ల మీద ఎప్పుడూ ఏదో ఒక తాళం వేస్తూ ఉండే అతని వేళ్ళు ఈ రోజు కదలడం లేదు. రాత్రి టీవీలో చూసిన సినిమా వల్లనే ఇదంతా అని నొయేమికి తెలుసు. ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

ఆ సినిమా 'ఆఖరి ట్రాము' అనే రాక్ బృందం కథ. ఈ లా ప్లాతా ఊళ్ళోనే ఒక గరాజులో పుట్టిన బృందం అది. మిలిటరీ వాళ్ళ ఏలుబడిలో, పాట పాడటానికి కూడా భయపడే రోజుల్లో మొదలై, తర్వాత దేశమంతా మారుమోగింది. ఇప్పుడు రంగుల దుకాణంలో డబ్బాలు అమ్మే ఎలాదియో అందులో మొదటి డ్రమ్మర్. రాజధానికి వెళ్ళి తొలి రికార్డు చేసే రోజున, వేరేవాణ్ణి చూసుకున్నాం నువ్వొద్దు పొమ్మన్నారని అతను ఎప్పుడో ఒక్కసారి భార్యకి చెప్పాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బృందంలో గిటారు వాయించే లిసాంద్రో వీధిలో ఎదురైతే ఎలాదియో అవతలి పక్కకి దాటిపోయేవాడు.

సినిమాలో కథ ఇంకోలా ఉంది. తెల్లవారుజామున హోరున వాన. కుర్రాళ్ళు వ్యానులో వచ్చి డ్రమ్మర్ ఇంటి ముందు ఎదురుచూస్తుంటారు. పసుపు వానకోటు వేసుకున్న అతని ప్రియురాలు గేటు దగ్గరికొచ్చి, "వాడు రాడు. మీతో వాయించడం వాడికి ఇష్టం లేదు. మళ్ళీ ఈ గుమ్మం తొక్కకండి" అంటుంది. పేర్లు మార్చారు గానీ డ్రమ్మర్ ఎవరో ఊరంతటికీ తెలుసు. అప్పట్లో అతని ప్రియురాలు నొయేమి అని కూడా తెలుసు. ఇదెక్కడి కట్టుకథ అని నొయేమి భర్త వైపు తిరిగేసరికి అతను లేచి పడకగదిలోకి వెళ్ళిపోయాడు.

"అమ్మా! అవి చూశావా?" అంటూ పదింటికి కూతురు రొమీనా గుమ్మంలోంచే కేకేసింది. ప్రతి ఆదివారం భోజనానికి వస్తుంది. ఈ రోజు రొట్టె తేవడం కూడా మర్చిపోయి ఫోను చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఏం చూడాలే?"

"ఛానెల్ వాళ్ళ పేజీలో జనం అభిప్రాయాలు! నిన్ను ఆడిపోసుకుంటున్నారు. విను. 'పాటలు బావున్నాయి, విగ్గులు మాత్రం దారుణం.' ఇది కాదు. ఆఁ, ఇది: 'ఆ పసుపు కోటు పిల్ల ఎక్కడుందో చెప్పండి, వెళ్ళి నాలుగు చీవాట్లు పెట్టొస్తా.' ఇంకోటి: 'స్నేహితుల్ని విడదీసిన మహాతల్లి, రాత్రుళ్ళు ఎలా నిద్ర పడుతుందో!' ఇదంతా అబద్ధమని నేను రాస్తే నన్నూ వెటకారం చేస్తున్నారు. ఊరుకునేది లేదమ్మా, కేసు పెడదాం!"

వంటింటి బల్ల దగ్గర ఎలాదియో తల్లి ఎర్మీనియా రావియోలి, కూరు పెట్టిన చిన్న పిండి బిళ్ళలు, చేస్తోంది. ఎనభై ఆరేళ్ళ మనిషి. ఆదివారం రావియోలి ఇంకొకరి చేతికివ్వదు. రాత్రి సినిమా మొదలవగానే కుర్చీలోనే నిద్రపోయింది. పిండి కోసే చక్రం ఆపకుండానే, "ఎవరే నా కోడల్ని తిట్టేది?" అంది.

"దేశమంతా నాయనమ్మా!"

"కేసు పెట్టేముందు మీ అమ్మని అడుగు, అది అబద్ధమో కాదో" అన్నాడు ఎలాదియో. పేపరు మడిచి బల్ల మీద పెట్టాడు.

నొయేమికి తల కొట్టేసినట్టయింది.

"ఏమన్నావు?"

"నీకు పసుపు వానకోటు ఉండేది. మొదటి జీతంతో కొనుక్కున్నావు. ఊళ్ళో అలాంటిది ఇంకోటి లేదు. ఆ కోటు సంగతి సినిమా వాళ్ళకి ఎవరు చెప్పారు? వ్యానులో కూర్చుని చూసిన లిసాంద్రో చెప్పాడు. కళ్ళతో చూడందే చెప్పగలడా?"

"ఆ తెల్లవారుజామున నేను మా ఇంట్లో నిద్రపోతున్నాను ఎలాదియో!"

"కోటు దానంతటదే నడిచొచ్చిందా మరి?"

"ముందురోజు మీ ఇంట్లో మర్చిపోయి వెళ్ళాను. ఇన్నేళ్ళు నాతో కాపురం చేశావు. నా మాట కంటే ఆ సినిమా నీకు నిజమైపోయిందా?"

"వాళ్ళు నన్ను గెంటేశారనుకుని ఇన్నేళ్ళు మొహం తిప్పుకున్నాను నొయేమి. వాళ్ళేమో నేనే రానన్నానని అనుకున్నారు. పాట పాడే దారియో చచ్చిపోతే చూడ్డానికి కూడా వెళ్ళలేదు." అతను పేపరు పక్కకి తోసేశాడు. "వేరేవాణ్ణి చూసుకున్నారని అమ్మ చేత చెప్పించిందీ నువ్వేగా! ఎందుకు చేశావు? నేను వెళ్ళిపోతే తిరిగి రాననా?"

నొయేమికి ఏడుపు కూడా రాలేదు. ఎవరో తెలియని జనం వేసిన నిందకంటే, ఎదురుగా కూర్చున్న మనిషి నమ్మిన నింద ఆమెను కోసేసింది.

పిండి మీద చక్రం చప్పుడు ఎప్పుడు ఆగిందో ఎవరూ గమనించలేదు.

"రొమీనా, ఆ కోటు సంగతి మళ్ళీ చదువు" అంది ఎర్మీనియా.

"ఇప్పుడెందుకు నాయనమ్మా..."

"చదవమన్నానా!"

రొమీనా చదివింది. ముసలావిడ పిండి చేతుల్ని ఏప్రన్‌కి తుడుచుకుని, మళ్ళీ తుడుచుకుని, కొడుకు మొహంలోకి చూసింది.

"ఆ కోటు వేసుకుంది నేను."

ముసలావిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"వాన కురుస్తోంది. తలుపు వెనక కోడలి కోటు వేలాడుతోంది, తగిలించుకుని, వానకి టోపీ ముందుకి లాక్కుని ఆ చీకట్లో గేటు దాకా వెళ్ళాను. నిద్ర లేపుతానని నీకు మాటిచ్చాను కదరా, లేపలేదు. వాళ్ళని పంపేశాను. నువ్వు లేచాక, వేరేవాణ్ణి చూసుకున్నారట అని చెప్పాను."

"అమ్మా!" ఎలాదియో తల్లి వైపు తిరిగాడు. "నువ్వా?"

"పక్కింటి నెలిదా కొడుకుని మిలిటరీ వాళ్ళు కూడా తెల్లవారుజామునే వ్యానులో ఎక్కించుకుపోయారు. వాడికీ నీలాగే జుట్టు పెంచుకోవడం, పాటలు. ఇప్పటికీ జాడ లేదు. ఆ రోజుల్లో ఇంటి ముందు వ్యాను ఆగితే పరుగున వెళ్ళి తలుపు గడియ వేసేదాన్ని. అందులో ఉన్నది నీ స్నేహితులే అని తెలుసు. దారిలో ఎవరు ఆపుతారో తెలీదు కదా! ఆ రోజులు పోయాక చెబుదామనుకున్నాను. నీ పెళ్ళయింది, పిల్ల పుట్టింది. ఆ దారియో పోయాక ఇక నాకు నోరు రాలేదు."

ఎలాదియో కుర్చీ వెనక్కి తోసి పెరట్లోకి వెళ్ళిపోయాడు. నొయేమికి అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు సాయంత్రం కోటు తీసుకెళ్దామని వస్తే అది తడిసి ఉంది. వాన జల్లు కొట్టిందేమో అనుకుని మర్చిపోయింది. మనిషిని కాక కోటుని చూసి లిసాంద్రో మోసపోయాడు. అతనితోపాటు దేశమంతా మోసపోయింది. అత్తగారి మీద కోపం రావాలి, వస్తోంది కూడా. కానీ తడిగుడ్డ అందుకుని, ఆరిపోతున్న పిండి మీద కప్పింది.

"నీ ఫోనులో నేను కూడా రాయొచ్చా?" ముసలావిడ మనవరాల్ని అడిగింది. "నా చేతులు బావులేవు. నువ్వు రాయి. 'నేను ఆ డ్రమ్మర్ తల్లిని. సినిమా బావుందో లేదో తెలీదు, నిద్రపోయాను. గేటు దగ్గర నిలబడింది నేను. కోటు మాత్రమే నా కోడలిది. అది పుణ్యాత్మురాలు. తిట్టాలంటే నన్ను తిట్టండి.' రాశావా? మన అడ్రసు కూడా పెట్టు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను."

"అడ్రసు వద్దు నాయనమ్మా" అంది రొమీనా కళ్ళు తుడుచుకుంటూ.

"సరే. పేరు పెట్టు. పూర్తి పేరు."

పెరటి గుమ్మంలో ఎలాదియో నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి వింటున్నాడో తెలీదు. లోపలికొచ్చి భార్య ముందున్న ఫ్లాస్కు తన దగ్గరికి లాక్కున్నాడు. ఆ ఇంట్లో మాతే పోసేది ఎప్పుడూ నొయేమే. అతను బుర్ర నింపి, రెండు చేతులతో ఆమెకి అందించాడు.

"రాత్రే నిన్ను అడగాల్సింది" అన్నాడు. "టీవీని నమ్మి నిన్ను నమ్మలేదు. తప్పయిపోయింది."

"అడగాల్సిందే" అంది నొయేమి. ఇప్పుడొచ్చింది ఏడుపు. తాగి బుర్ర ఇచ్చేసింది. థాంక్స్ అనలేదు.

తర్వాతి విడత అతను తల్లి ముందు పెట్టాడు. ఎర్మీనియా తల దించుకునే తాగింది. ఇకముందు కొడుకు చేతి మాతే తనకి దక్కదనుకుందో ఏమో, ఖాళీ బుర్రని బల్ల మీద అతని వైపు మెల్లగా జరిపి, ఆ మాట అనడానికి పెదవులు కదిపింది.

"థాంక్స్ అనకమ్మా" అన్నాడు ఎలాదియో. "ఇంకా నీళ్ళున్నాయి."