మోహన తెచ్చిన వానపాము

"మిస్, నాదే అందరికన్నా ఫాస్ట్!"

మోహన అరిచేసరికి ఐదో తరగతి అంతా ఆమె చుట్టూ మూగింది. స్కూల్ తోటలో కొత్తగా ఎరువు గుంట తవ్వారు. అందులో వదలడానికి తలా ఒక వానపామును తెమ్మని స్టెల్లా టీచర్ చెప్పింది. చంద్రగిరిలో మూడు రోజులుగా వాన, ఇక వానపాములకేం కొదవ! మోహన పెరట్లో పూలకుండీ జరిపి ఒకదాన్ని పట్టుకుంది. దారి పొడుగునా దాన్ని అరచేతిలో పాకించుకుంటూ, నవ్వుకుంటూ వచ్చింది. అంత ముద్దుగా ఉంది మరి.

టీచర్ కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది.

"మోహనా, వానపాముకు ఒళ్లంతా ఉంగరాల మాదిరి గీతలుంటాయి. దీనికి లేవు. సూడు, నాలుక కూడా చాపతా ఉండాది. ఇది వానపాము కాదుమ్మా. నిజం పామే."

ఇంకేముంది! పిల్లలంతా బెంచీలెక్కేశారు. మోహన చెయ్యి విదిలించింది. పాపం, జానెడు కూడా లేని ఆ ప్రాణి గచ్చు మీద పడి మెలికలు తిరిగింది.

"చెవిలో దూరతాది! మా అవ్వ చెప్పింది!" నవీన్ రెండు చెవులూ మూసుకున్నాడు.

"చంపండి మిస్, చంపేయండి!" అందరికన్నా గట్టిగా అరిచింది మోహనే.

ఆ కేకలు విని ఆయా దేవకమ్మ చీపురు తిరగేసి పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"యాడుండాది? ఒక్క దెబ్బకు సరిపోతాది!"

"ఉండు దేవకమ్మా!" టీచర్ అడ్డం నిలబడింది. "ఇది గుడ్డిపాము. విషముండదు, చెవిలో దూరదు. చీమల గుడ్లు, చెదలు తిని మట్టిలో బతుకుతాది." తర్వాత మోహన వైపు తిరిగింది. "దారంతా నీ చేతిలోనే ఉండింది గదా. నిన్నేం చేసింది?"

"ఏం చేయలేదు మిస్. కితకితలు పెట్టింది."

"మరి ఇప్పుడేం మారింది?"

మోహన నేల వైపు చూసింది. నున్నటి గచ్చు. దూరడానికి చారెడు మట్టి కూడా లేదు. ఎటు పోవాలో తెలియక అది గోడకు తల కొట్టుకుంటోంది. మోహనకు ఏడుపొచ్చినంత పనైంది.

"పేరు మిస్," అంది మెల్లగా. "పేరే మారింది."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించింది. గుడ్డిపాము మెల్లగా ఎక్కింది.

"నేను చూసినాను కాబట్టి సరే," అంది టీచర్. "తెలీని పామునెప్పుడూ ముట్టుకోకూడదు."

కొళాయి పక్కన తడి మట్టిలో మోహన దాన్ని వదిలింది. తల మట్టికి తగిలిందో లేదో, చటుక్కున లోపలికి దూరిపోయింది.

ఇంటర్వెల్‌లో దేవకమ్మ బ్లీచింగ్ పౌడర్ డబ్బాతో కొళాయి దగ్గరికొచ్చింది. మోహన ఒక్క పరుగున వెళ్లి చేతులు బార్లా చాపి నిలబడింది.

"అవ్వా, ఈడ సల్లొద్దు!"

"ఏం పాపా? ఈడేముండాది?"

"కింద ఒకరుండారు."