నలభై ఒక్క పేర్లు

సైన్‌బోర్డులు రాసే ఆ ఇంటి పెద్దాయనకి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధంతటికీ తెలుసు. ఆ ఉదయం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని బుద్ధిగా టీ తాగుతున్నాడు. యుద్ధంలో పోయినవాళ్ళను దేశమంతా తలుచుకునే రోజది. పార్కులోని రాతిగోడ మీద నలభై ఒక్క పేర్లు చెక్కి ఉన్నాయి. ఆ గాడుల్లో ఏటా తెల్లరంగు నింపేది ఆయనే. అందులో ఒకటి ఆయన అన్న పేరు. ఈ ఏడు చేతులు వణుకుతున్నాయని ఆ పని కూతురు చేసింది.

"చూడమ్మా, ఇవాళ నాన్న నన్ను మెచ్చుకోకపోతే అడుగు," అంది కూతురు.

"మీ నాన్నా? మెచ్చుకోవడమా? గొడుగు తీసుకెళదాం, వాన పడేట్టుంది!" అని నవ్వింది తల్లి.

ఎక్కడైనా దిద్దాల్సి వస్తుందేమోనని రంగులూ కుంచెలూ సంచీలో వేసుకుని ఎనిమిదింటికి ముగ్గురూ పార్కుకి వెళ్ళారు. గోడను చూడగానే ఆయన నిలబడిపోయాడు. నలభై పేర్లు తెల్లగా ఉన్నాయి. అన్న పేరొక్కటే బంగారు రంగులో ధగధగలాడుతోంది.

"ఏమిటే ఇది?"

"పెదనాన్న పేరు కదా నాన్నా. నీకు సంతోషంగా ఉంటుందని..."

"మా అన్న ఒక్కడే పోయాడా? మిగతా నలభైమందీ షికారుకెళ్ళారా?" ఆయన అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "పదకొండింటికి సంతాప సభకి వాళ్ళ అమ్మలూ భార్యలూ వచ్చి ఇక్కడే నిలబడతారు. వాళ్ళకి నా మొహం ఎలా చూపించను? నేను సభకి రాను. నువ్వింకెప్పుడూ ఈ గోడ ముట్టుకోకు!"

కూతురికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఆయన్ని నేను చూళ్ళేదు కదా నాన్నా. నాకు తెలిసిందల్లా ఆ పేరే."

ఆ మాటకి ఆయన కోపం సగం దిగిపోయింది. "నాకు కుంచె పట్టడం నేర్పిందే వాడమ్మా. వాడి పేరు దగ్గరికొచ్చేసరికి ఏటా ఇంకో పూత వేద్దామని చెయ్యి లాగేది. వెయ్యలేదు. పక్క పేరు కూడా ఎవరో కన్నబిడ్డదే కదా!"

తను చేసిందేమిటో అప్పటికి అర్థమైంది కూతురికి. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. సంచీలోంచి తెల్లరంగు డబ్బా తీసి బంగారు అక్షరాల మీద పూయబోయింది.

"ఎందుకమ్మాయ్, చెరిపేస్తున్నావు?"

అడిగింది ఏటా సభకి అందరికంటే ముందొచ్చే ముసలావిడ. అన్న పేరు కింద ఉన్నది ఆవిడ కొడుకు పేరే. పెద్దాయన తల వంచుకున్నాడు. "తప్పయిపోయిందమ్మా. మావాడిదొక్కటే మెరుస్తోంది."

"అయితే మావాడిది కూడా మెరిపించండి. రంగేమన్నా అయిపోయిందా?"

కూతురు సంచీలోంచి రెండో డబ్బా తీసి మూత తెరిచి చూసింది. బంగారు రంగు ముప్పాతిక వంతు ఉంది. "నలభై పేర్లు బామ్మగారూ! పదకొండింటిలోగా ఇద్దరం ఎక్కడ చేస్తాం?"

"మాకు చేతుల్లేవా? ఇటివ్వు ఆ కుంచె."

తర్వాత వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే కుంచెలు అందుకున్నారు. ఒకామె తమ్ముడి పేరు, ఒకాయన తండ్రి పేరు. ఎవరూ రాని పేర్లను కూతురు నింపింది. రంగు గాడులు దాటి ఎక్కడపడితే అక్కడ కారింది. ఒక్క గీత వంకరపోతే అన్నం ముట్టని మనిషి, చేతులు వెనక్కి కట్టుకుని కిమ్మనకుండా చూస్తున్నాడు.

పదకొండింటికి అందరూ మౌనంగా నిలబడ్డారు. పేర్లింకా తడిగానే ఉన్నాయి.

మౌనం ముగిశాక ముసలావిడ కూతురి దగ్గరికొచ్చి, రంగంటిన చేతులతోనే ఆమె చెంపలు నిమిరింది. "బడిలో వేసిన రోజు పుస్తకం అట్ట మీద వాడి పేరు నేనే రాశానమ్మా. మళ్ళీ ఇవాళ రాశాను. నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ!"

తండ్రి కూతురి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇరవయ్యేళ్ళు ఈ కుంచె నా ఒక్కడి దగ్గరే పెట్టుకున్నానే," అన్నాడు ఏడుస్తూ. "ఒక్కసారి వాళ్ళకివ్వాలని నాకు తోచనేలేదు."