పెనం వేడెక్కే లోపు

"ఇది కూడా అంటుకుంటోంది."

ఆ అమ్మాయి పెనాన్ని గాజు కౌంటర్ మీద పెట్టిన చప్పుడుకి వెనక అలమరాలో స్టీలు మూతలు ఘల్లుమన్నాయి.

కౌంటర్ వెనక ఉన్నది షాపు యజమాని మేనల్లుడు. అతను పెనంలోకి వంగి చూశాడు. శుభ్రంగానే తోమింది. అంచు చుట్టూ మాత్రం పీచుతో రుద్దిన గీతలు, వదలని గోధుమరంగు మరకలు.

"మేడమ్, మొదటిది పల్చగా ఉందన్నారు, మార్చాం. రెండోది అడుగు ఊగుతోందన్నారు, మార్చాం. ఇది మూడు పొరలది. పైనా కిందా స్టీలు, మధ్యలో అల్యూమినియం. పిడి రివెట్లు చూడండి, ఏనుగు లాగినా ఊడదు."

"నేను ఏనుగుకి వండటం లేదండీ. మా నాన్నకి వండుతున్నాను."

లోపల గల్లా దగ్గర కూర్చున్న మామయ్య దగ్గాడు. ఆమెకి ఆయన పెట్టిన పేరు 'రిటర్న్ అమ్మాయి'. ఆమె గొడుగు రోడ్డు మలుపులో కనిపించగానే "ఒరేయ్, వస్తోంది, తయారవ్వు" అని మేనల్లుణ్ణి ఆటపట్టించేవాడు. తయారవ్వటానికి అతనికేమీ ఉండేది కాదు. చొక్కా కాలర్ సర్దుకునేవాడు, అంతే.

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె పెనాలన్నీ గాజు మీద బోర్లించి, అంచుల్ని వేలితో నొక్కి ఊగుతున్నాయేమో చూసింది. పిడి పట్టుకుని మణికట్టు ఎంత వంగుతోందో చూసుకుంది. ఇంత పరీక్ష పెళ్ళికొడుకులకి కూడా పెట్టరని అతను నవ్వితే, "పెనం రోజూ వాడాలి కదా" అంది. ఆ మాట అతనికి చాలా రోజులు గుర్తుండిపోయింది.

ఇవాళ మాత్రం ఆమె గొంతులో పోట్లాట లేదు. అది అతన్ని భయపెట్టింది.

"నాన్‌స్టిక్ తీసుకోకూడదా?"

"తీసుకున్నాను. 'ఇది మీ అమ్మ చేసింది కాదు' అన్నారు నాన్న. అమ్మ వేసిన ఆమ్లెట్‌కి అంచు కరకరలాడేది. అమ్మది స్టీలు పెనం. అమ్మ పోయినప్పుడు వచ్చిపోయిన చుట్టాల హడావుడిలో అది ఎటు పోయిందో తెలీదు. ఇల్లంతా వెతికాను." ఆమె పెనం అంచు మీది మరకని గోటితో గీకింది. "అమ్మ చేతిలో గుడ్డు ఏ రోజూ అంటుకోలేదండీ. పెనం వంచితే పళ్ళెంలోకి జారేది. నేను గీకి, తునకలు చేసి పెడుతున్నాను. నాన్న ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చాలమ్మా అని గోడవైపు తిరిగి పడుకుంటున్నారు."

మామయ్య దగ్గటం మానేశాడు.

"ఇది ఇక్కడ వదిలి వెళ్ళండి. ఎందుకు అంటుకుంటోందో నేను చూస్తాను," అన్నాడు అతను.

"మీకు వంట వచ్చా?"

"రాదు."

"మరి?"

"అమ్మటం వచ్చు."

ఆమె నవ్వలేదు. నవ్వాలని పెదవి చివర ఒక్కసారి కదిలి ఊరుకుంది. వెళ్ళిపోతూ గొడుగు కౌంటర్ పక్కనే మరిచిపోయింది. అతను దాన్ని పట్టుకుని బయటికి పరుగెత్తేసరికి వాన ఆమెని మింగేసింది.

*

షాపు పైనే అతని గది. షట్టర్ ఎత్తే ముందు, పొద్దున్నే గుడ్లు పగలగొట్టడం మొదలుపెట్టాడు. మంట పెంచి చూశాడు, మాడింది. తగ్గించి చూశాడు, అతుక్కుంది. నూనె ఎక్కువ పోస్తే గుడ్డు ఈదింది, తర్వాత అతుక్కుంది.

"ఒరేయ్, పెనం బాగోలేకపోతే కంపెనీకి పంపెయ్. నువ్వు బాగోలేకపోతే నిన్నెక్కడికి పంపను?" అని కింద నుంచి మామయ్య అరిచాడు.

పెనం బాగానే ఉంది. అతన్ని కుంగదీసింది అదే. చెడ్డదైతే మంచిది తెచ్చిచ్చేవాడు. షాపులో ఇంతకన్నా మంచిది లేదు. ఒక మనిషి అన్నం మానేసి గోడవైపు తిరుగుతుంటే తన దగ్గర ఉన్నవన్నీ మెరిసే గిన్నెలే. అవి తోముతూ కూర్చుంటే ప్రతిదాంట్లోనూ చేతకాని తన ముఖమే కనిపించింది.

మళ్ళీ ఆమె వచ్చిన మధ్యాహ్నం కూడా వానే. తలమీద చున్నీ కప్పుకుని వచ్చింది.

"ఇంక వద్దండీ. అది చెబుదామనే వచ్చాను. నాన్న నిన్నటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. రేపటికీ ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చమన్నారు డాక్టరుగారు. నన్ను చూసి కూడా లేవాలనిపించటం లేదంటే, ఇంక పెనాలు మార్చి ఏం లాభం?"

ఆమె గొడుగు అందుకుంది. ఇక రాదని అతనికి అర్థమైంది.

"ఇవాళ పొద్దున ఒకటి జారింది," అన్నాడు గబగబా.

ఆమె ఆగింది. "ఎలా?"

"చెప్తే నవ్వకూడదు."

"నాకు నవ్వు వచ్చి చాలా రోజులైంది. చెప్పండి."

"స్టవ్ వెలిగించి ఖాళీ పెనం పెట్టాను. పెట్టి కిటికీ దగ్గర నిలబడిపోయాను. ఆ రోజు మీరు తడుస్తూ వెళ్ళారు కదా, జ్వరమేమైనా వచ్చిందేమోనని. బిల్లు మీద మీ అడ్రసూ నంబరూ ఉన్నాయి. ఫోన్ చేసే ధైర్యమే లేదు. ఏమని చేయాలి, ఎవరినని చెప్పాలి అని ఆలోచిస్తూ..." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఎంతసేపు నిలబడ్డానో తెలీదు. తిరిగొచ్చి నూనె వేస్తే నీళ్ళలా పరుగెత్తింది. మంట తగ్గించి గుడ్డు వేశాను. జారిపోయింది."

మామయ్య లేచి, అవసరం లేకపోయినా, గోదాములోకి వెళ్ళాడు.

ఆమె ఆ ఒప్పుకోలుని విన్నట్టే లేదు. "ఖాళీ పెనమా? నూనె కూడా వేయకుండానా?"

"అవును."

"అమ్మ..." అని కౌంటర్ అంచు పట్టుకుంది. "అమ్మ పెనం పొయ్యి మీద పెట్టేసి నాన్నని లేపటానికి వెళ్ళేది. 'లేస్తారా, నీళ్ళు కుమ్మరించనా' అని. ఆయన ఐదు నిమిషాలే అనేవారు. ఈవిడ దుప్పటి లాగేది, ఆయన మళ్ళీ కప్పుకునేవారు. చివరికి 'అక్కడ పెనం మాడిపోతోంది' అని అరిస్తే అప్పుడు లేచేవారు. రోజూ ఇదే." ఆమె కళ్ళు నిండాయి. "నేను రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తానండీ. అన్నీ కొలిచాను. అదే మంట, అదే నూనె. ఖాళీ పెనం కాగేంతసేపు సాగే ఆ గొడవ ఒక్కటే వదిలేశాను. పాపం పడుకోనీ అని, అంతా వండాక మెల్లగా లేపుతున్నాను."

అతను పెనాన్ని కాగితంలో చుట్టి ఇచ్చాడు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరగకుండానే అంది:

"జ్వరం రాలేదు. రేపు పొద్దున నేనే ఫోన్ చేస్తాను."

*

ఫోన్ వచ్చేసరికి మామయ్య షట్టర్ ఎత్తుతున్నాడు. అతను చేయి ఊపి ఆ చప్పుడు ఆపించాడు.

"పెనం పెట్టాను. లైన్‌లో ఉండండి. నాకు భయంగా ఉంది."

అడుగుల చప్పుడు. తలుపు కిర్రుమంది.

"నాన్నా. లేస్తారా, నీళ్ళు కుమ్మరించనా?"

కిటికీ రెక్క తెరిచిన చప్పుడు.

"నాన్నా, పొద్దెక్కింది!" దుప్పటి లాగిన చప్పుడు. ఇంత పొడుగు నిశ్శబ్దాన్ని అతను ఎప్పుడూ వినలేదు. ఆ ఖాళీ పెనం సంగతి తను చెప్పకుండా ఉండాల్సిందనిపించింది. పోయినావిడ మాటల్ని ఆ పిల్ల చేత అనిపిస్తున్నాడు, అవి ఖాళీ గదిలో పడుతున్నాయి.

"అక్కడ పెనం మాడిపోతోంది నాన్నా!" ఆమె గొంతు పగిలిపోయింది. "లేవండి నాన్నా... మాడిపోతోంది..."

చాలాసేపటికి, నూతిలోంచి వచ్చినట్టు, ముసలి గొంతొకటి వినిపించింది.

"ఐదు నిమిషాలేనే..."

ఎవరు ఏడుస్తున్నారో ఫోన్‌లో తెలియలేదు, ఇద్దరూ అనుకుంటా. మంచం కిర్రుమంది. ఇద్దరి అడుగులు, ఒకటి ఈడుస్తూ. గుడ్డు చుయ్యిమంది. కాసేపటికి పళ్ళెం చప్పుడు.

"ఉప్పు తక్కువైంది," అన్నారు పెద్దాయన, నములుతూ. మింగి, "ఫోన్‌లో ఎవరే?"

"పెనాల షాపతను. గుడ్డు జారిందో లేదోనని..."

"ఫోన్‌లో ఏం కనిపిస్తుంది? రమ్మను."

ఆమె ఊపిరి మళ్ళీ ఫోన్ దగ్గరగా వినిపించింది. ముక్కు ఎగబీల్చింది.

"విన్నారా?"

"విన్నాను."

"మీకూ ఒకటి వేసి ఉంచనా?"

"వేసి ఉంచొద్దు," అన్నాడు అతను, సగం ఎత్తిన షట్టర్ కిందనుంచి వంగి రోడ్డు మీదకి వస్తూ. "నేను మీ వీధి మలుపు తిరిగాక పెనం పెట్టండి చాలు. వచ్చేస్తున్నాను."