ఖాళీ మేకు

విజిల్ అత్తను దాటుకుని ఆ బడిలోకి ఈగ కూడా దూరలేదని పిల్లల తల్లిదండ్రులు నవ్వుకునేవాళ్లు. ఆ పేరు పెట్టింది పిల్లలే. ఒంటి మీద ఖాకీ కోటు, మెళ్లో విజిల్, కోటు జేబులో తాళాల గుత్తి. వచ్చినవాళ్లు ఎవరైనా ఆమె అడిగేది ఒకటే మాట. "ఎవరి కోసం వచ్చారు?"

జవాబు కుదిరితే, గేటు గదిలో చెక్కపలక మీది మేకులకు వేలాడే ఎర్ర రిబ్బను కార్డుల్లోంచి ఒకటి తీసి మెళ్లో వేసేది. హెడ్‌మిస్ట్రెస్ గారి భర్తకూ తప్పేది కాదు. మా ఆవిడ కూడా నన్నింత నిలదీయదమ్మా అని ఆయన గొణుక్కుంటూనే తల వంచేవాడు.

సాయంత్రం కార్డులన్నీ మేకుల మీదికి తిరిగొచ్చాకే గేటుకు తాళం. ఈ పద్ధతి నేర్పింది ఆమెకు ముందు గేటు కాసిన తాత. పని అప్పగించి వెళ్లిపోతూ ఆయన ఇంకో మాట కూడా చెప్పాడు. "కార్డు రాకపోతే వెతుకు. దొరక్కపోతే తెల్లారేదాకా ఇక్కడే కూర్చో. అంతేగానీ ఖాళీ మేకుకి వేరే కార్డు తగిలించి లెక్క సరిపెట్టకు తల్లీ. లోపలున్నవాళ్లు ఊరుకోరు." ముసలాయన చాదస్తం అనుకుని ఆమె తలూపి ఊరుకుంది.

ఆ రోజు పొద్దుటి నుంచీ మబ్బుగానే ఉంది. అదే బడిలో చదివే విజిల్ అత్త కూతురికి ఒళ్లు కాలిపోతుంటే, టీచరు తీసుకొచ్చి గేటు గదిలో బల్ల మీద పడుకోబెట్టింది. చీకటి పడేలోగా డాక్టరు దగ్గరికి చేరాలి. ఆ తర్వాత ఆయన దొరకడు. ఇంటి గంట కొట్టారు. పిల్లలంతా ఒక్కసారిగా తోసుకొస్తున్న ఆ గోలలో ఒకావిడ వచ్చి నిలబడింది. పాప కోసం వచ్చానంది. బొంగురు గొంతు. ఏ తరగతి అని అడగబోతుంటే లోపల కూతురు మూలిగింది. విజిల్ అత్త అటు తిరుగుతూనే చేతికందిన కార్డు ఇచ్చేసింది.

ఆవిడ వెంటనే కదల్లేదు. బల్ల వైపే చూస్తూ, "మీ పాపా? బాగుంది" అంది.

బడి ఖాళీ అయ్యేసరికి వెలుగు తగ్గింది. పలక మీద ఒక్క మేకు బోసిగా ఉంది. విజిల్ అత్త లైట్లు ఆర్పుకుంటూ గదులన్నీ తిరిగింది. సుద్దపొడి వాసన, మూసిన కిటికీల ఉక్క తప్ప ఏమీ లేవు. కార్డు మెళ్లో వేసుకుని ఇంటికి పోయేవాళ్లు కొత్తేం కాదులే అని సర్దిచెప్పుకుంది. అంతలో హెడ్‌మిస్ట్రెస్ ఫోను. కార్డులన్నీ వచ్చాయా? రాలేదంటే ఆవిడ వచ్చి చూసేదాకా కదలకూడదు. బల్ల మీద పిల్ల ఎగశ్వాస తీస్తోంది...

విజిల్ అత్త సొరుగులోంచి కొత్త కార్డు తీసి ఖాళీ మేకుకి తగిలించింది.

"కార్డులన్నీ వచ్చేశాయండీ."

ఫోను కోటు జేబులో వేసుకుని తలెత్తింది. మేడ మీద చివరి గదిలో లైటు వెలుగుతోంది.

ఇందాక తనే ఆర్పింది కదా. కోటు విప్పి కూతురికి కప్పి, కదలకమ్మా, ఇట్టే వచ్చేస్తానని చెప్పి మెట్లెక్కింది.

గది తలుపు తెరిచి ఉంది. చిన్న కుర్చీలన్నీ గోడవైపు తిరిగి ఉన్నాయి. ఇందాక అలా లేవు. మాగిన గుడ్డల వాసన. ఆమె స్విచ్చి మీద చెయ్యి వేయకముందే లైటు ఆరిపోయింది.

చీకటి... ఎక్కడో కుర్చీ ఒకటి కిర్రుమంది. చెవి పక్కనే ఎవరో మెల్లగా అడిగారు.

"ఎవరి కోసం వచ్చారు?"

ఆ గొంతు... తనదే.

మెట్లు ఎలా దిగిందో ఆమెకే తెలియదు. గేటు గదిలో బల్ల ఖాళీ. గేటుకు బయట నుంచి తాళం. ఊచల అవతల వీధిదీపం కింద ఖాకీ కోటు వెళ్తోంది. దాని చెయ్యి పట్టుకుని తన కూతురు...

విజిల్ ఊదుదామని మెడ తడుముకుంది. విజిల్ లేదు. చల్లటి రిబ్బను చేతికి తగిలింది. దాని చివర కార్డు.

పిలిచింది. బొంగురు గొంతు తప్ప మరేమీ రాలేదు.

పిల్ల ఆగి వెనక్కి చూసింది. "అమ్మా, లోపల ఎవరో ఉన్నారే."

"ఎవరూ లేరు తల్లీ. కార్డులన్నీ వచ్చేశాయి."

వాళ్లు మలుపు తిరిగారు. ఆమె ఊచలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెనక మేడ మీద చివరి గదిలో మళ్లీ లైటు వెలిగింది. మెట్ల మీద అడుగుల చప్పుడు... మెల్లగా, కిందికి...

ఒక్కరివి కావు.